కారు లాక్, అలారం, ఇమ్మొబిలైజర్: గోదావరి జిల్లాల కారు యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం, తణుకు వైపు కార్లున్నవాళ్ళు తాళాల గురించి పదేపదే అడిగే ప్రశ్నలివి. ఉప్పుగాలి, గోదావరి వరద, కాలువగట్టు రోడ్లు, నెలల తరబడి షెడ్డులో నిలిచిపోయే గల్ఫ్‌వాళ్ళ బళ్ళు. ఇవన్నీ లెక్కలోకి తీసుకునే సమాధానాలు రాశాం.

కారు లాక్ అయిపోయిందండి. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఏ లాక్ పడిందో తేల్చుకోవాలి. మనం అన్నిటినీ కలిపి "లాక్" అంటాం గానీ కారులో నాలుగు వేర్వేరు ఏర్పాట్లు ఉంటాయి. స్టీరింగ్ లాక్ అంటే ఒట్టి కడ్డీ. తాళం తీశాక అది స్టీరింగ్ కడ్డీలోని గాడిలో పడి చక్రం తిరక్కుండా ఆపుతుంది. సెంట్రల్ లాక్ అంటే ఒక్కో డోర్‌లో ఒక్కో చిన్న మోటార్. రిమోట్ చెప్పినప్పుడు గొళ్ళేన్ని పైకీ కిందికీ కదపడమే దాని పని. అలారం అంటే కూత. డోరో బానెటో తెరుచుకుందని స్విచ్ చెబితే మోగుతుంది. ఇమ్మొబిలైజర్ మాత్రం కంటికి కనిపించదు. తాళంలోని చిప్‌ను కారు గుర్తుపట్టకపోతే ఇంజన్‌కు ఇంధనం అందనివ్వదు, కొన్ని కార్లలో స్టార్టర్‌నే తిరగనివ్వదు. మారుతి కార్లలో ఐ-క్యాట్స్ అనేది దీన్నే.

డోర్ తెరుచుకోకపోతే అది సెంట్రల్ లాక్, రిమోట్ల గొడవ, లేదా బ్యాటరీ గొడవ. డోర్ తెరుచుకుని ఇంజన్ అందుకోకపోతే ఇమ్మొబిలైజర్ వైపు చూడాలి. ఈ తేడా తెలియక రిమోట్ సెల్ అయిపోయినవాళ్ళు కూడా వేలు పోసి కొత్త కీ చేయించుకుంటున్నారు.

రిమోట్ బటన్ నొక్కితే డోర్లు రావట్లేదు. సెల్ అయిపోయిందా?

ఇంట్లో ఉన్న రెండో కీ తెచ్చి నొక్కి చూడండి. దానికి తెరుచుకుంటే మొదటి రిమోట్ సెల్ పోయినట్టే. రెండిటికీ తెరుచుకోకపోతే కారు బ్యాటరీనో, కారులోని రిసీవర్‌నో అనుమానించాలి. సెల్ ఒక్కసారిగా చావదు. మొదట దూరం తగ్గుతుంది. పది మీటర్ల నుంచి పనిచేసే రిమోట్ హ్యాండిల్ దగ్గరికి వస్తే గానీ పలకదు. అప్పుడే మార్చేయండి.

కీ అంచున చిన్న నొక్కు ఉంటుంది. అందులో రూపాయి బిళ్ళ పెట్టి తిప్పితే మూత విడిపోతుంది. స్మార్ట్ కీ (పుష్ బటన్ కార్లది) అయితే ముందు లోపలి ఇనుప తాళాన్ని లాగాలి, నొక్కు దాని కింద కనిపిస్తుంది. పాత సెల్ మీదున్న నంబరు చూసే కొత్తది కొనాలి. సీఆర్2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. షాపులో అది లేదని సీఆర్2025 ఇస్తే మందం 2.5 మాత్రమే కాబట్టి కాంటాక్ట్ వదులవుతుంది. ఇవాళ పనిచేసి రేపు మానేస్తుంది. కొత్త సెల్ మీటర్‌లో 3 వోల్టులకు పైన చూపించాలి. 2.8 కంటే తగ్గితే పక్కన పెట్టేయండి. పాత సెల్‌ను టేబుల్ మీద వదలొద్దు. పసిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. మింగారని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

కొత్త సెల్ వేసినా పలకకపోతే కోడ్ తప్పి ఉండొచ్చు. రిమోట్ నొక్కిన ప్రతిసారీ కొత్త కోడ్ పంపుతుంది, కారు ఆ వరసను లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. పిల్లలు ఇంట్లో కూర్చుని రిమోట్‌ను వందలసార్లు నొక్కితే వరస తప్పుతుంది. కారు పక్కనే నిలబడి వెంటవెంటనే రెండుమూడుసార్లు నొక్కండి. కుదరకపోతే ఇనుప తాళంతో డోర్ తీసి, ఇగ్నిషన్ ఆన్ చేసి లాక్ బటన్ నొక్కండి. చాలా కార్లు అక్కడితో దారికొస్తాయి.

ఒకే చోట, ఒకే పార్కింగ్‌లో మాత్రమే రిమోట్ పనిచేయకపోతే తప్పు కారుది కాదు. మన రిమోట్లు ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడతాయి. అదే తరంగం మీద దగ్గర్లో ఇంకేదైనా యంత్రం అరుస్తుంటే మీ రిమోట్ మాట కారుకు వినపడదు.

సెల్ పూర్తిగా చచ్చిపోయింది. దారి మధ్యలో ఉన్నాం. బండి స్టార్ట్ అవుతుందా?

తాళం తిప్పే కారైతే నిశ్చింతగా స్టార్ట్ అవుతుంది. ఇమ్మొబిలైజర్ చిప్‌కు సెల్ అక్కర్లేదు. తాళం దూర్చే చోటు చుట్టూ ఉన్న కాయిల్ దానికి కావాల్సిన కరెంటును గాలిలోంచే అందిస్తుంది.

పుష్ బటన్ కారైనా స్టార్ట్ అవుతుంది, పద్ధతి వేరు. స్మార్ట్ కీలోంచి ఇనుప తాళం లాగి డోర్ తీయండి. అలారం పెట్టి ఉన్న కారైతే కూత మొదలవుతుంది. కంగారు పడొద్దు, ఇంజన్ ఆన్ అవగానే ఆగుతుంది. బ్రేక్ నొక్కి, మాన్యువల్ గేర్ అయితే క్లచ్ కూడా నొక్కి, కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి పట్టుకోండి. హ్యుందాయ్, కియాల్లో కీ మొనతోనే బటన్ నొక్కాలి. టయోటా, మారుతిల్లో కీ ఆనించాక గుర్తింపు పడ్డాక బటన్ నొక్కాలి. కొన్ని మోడళ్ళలో కప్ హోల్డర్ అడుగునో స్టీరింగ్ కిందో కీ పెట్టే చోటు ఉంటుంది. ఆ పేజీని ఓనర్ మాన్యువల్‌లో ఇవాళే చూసి ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

ఇంజన్ తిరుగుతోంది, అందుకోవట్లేదు. డాష్‌బోర్డు మీద తాళం బొమ్మ ఆగకుండా మెరుస్తోంది.

ఇది ఇమ్మొబిలైజర్. ఒక్కసారి అందుకుని రెండు సెకన్లలో ఆగిపోయినా ఇదే. బండి ఆపి లాక్ చేశాక ఎర్ర దీపం అప్పుడప్పుడూ మెరవడం మామూలే. ఇగ్నిషన్ ఆన్ చేశాక కూడా మెరుస్తుంటేనే కారుకు తాళం గుర్తు తెలియలేదని అర్థం.

మొదట కీచైన్ విప్పండి. రెండు కార్ల కీలు, లేదా కారు కీ, బైకు చిప్ కీ ఒకే రింగులో ఉంటే రెండు చిప్‌లు ఒకేసారి జవాబిస్తాయి, కాయిల్‌కు ఏదీ అర్థం కాదు. పెద్ద ఇత్తడి లేదా ఇనుప కీచైన్ కూడా సిగ్నల్‌ను మింగేస్తుంది. ఒక్క కీ మాత్రమే పెట్టి, ఆఫ్ చేసి, అర నిమిషం ఆగి మళ్ళీ తిప్పండి. తర్వాత రెండో కీతో ప్రయత్నించండి. రెండో దానితో అందుకుంటే మొదటి కీలోని చిప్ పోయింది. రెండిటితోనూ అందుకోకపోతే తాళం చుట్టూ ఉన్న కాయిల్, దాని కనెక్టర్, వైరింగ్ చూడాలి.

తీరం వైపు కార్లలో ఆ కనెక్టర్‌నే ముందు విప్పి చూడమంటాం. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికీ, భీమవరం చుట్టూ రొయ్యల చెరువుల తేమకూ రాగి పిన్నుల మీద పచ్చ చిలుము పడుతుంది. కనెక్టర్ ఊడదీసి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, ఆరాక మళ్ళీ బిగించాలి. కాయిల్ ధర చూసి భయపడే ముందు ఈ పది నిమిషాల పని చేయించండి.

స్టార్టర్ అసలు తిరగకుండా టక్ టక్ అంటూ, దీపాలన్నీ మసకబారితే అది ఇమ్మొబిలైజర్ కాదు. బ్యాటరీ.

పాత కీ కేసు విరిగితే కొత్త ఫ్లిప్ కేసు వేయించాం. డోర్ తెరుచుకుంటోంది గానీ స్టార్ట్ అవట్లేదు.

చిప్ పాత కేసులోనే ఉండిపోయింది. బటన్ల బోర్డు వేరు, చిప్ వేరు. చాలా కీలలో అది నల్లటి ముక్క, చింతగింజ కంటే చిన్నది. కొన్నిటిలో బియ్యపు గింజను సాగదీసినట్టుండే గాజు గొట్టం. ప్లాస్టిక్ గోడలోని చిన్న అరలో దూరి ఉంటుంది, పైన సెల్లోఫేన్ టేపో జిగురో ఉంటుంది. పాత కేసు పారేయలేదు కదా? పగలగొట్టకుండా బ్లేడుతో అంచులు విప్పి వెతకండి. గాజుది అయితే పట్టకారుతో నొక్కొద్దు, పగిలితే ఇక అతకదు. దొరికిన చిప్‌ను కొత్త కేసులో తాళం బ్లేడుకు దగ్గరగా ఉన్న అరలోనే పెట్టించాలి. బోర్డు వెనక ఎక్కడో పెడితే కాయిల్‌కు అందదు.

కేసు మార్పించేటప్పుడు షాపు ముందే నిలబడి, పాత కేసులోంచి ఎన్ని ముక్కలు తీశారో, కొత్తదాంట్లోకి అన్నీ వెళ్ళాయో చూసుకోండి.

డూప్లికేట్ కీ షోరూంలోనే చేయించాలా?

ఒట్టి బ్లేడు కోయించుకుంటే డోర్ తెరుచుకుంటుంది, బండి స్టార్ట్ కాదు. స్టార్ట్ కావాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, కొత్త చిప్‌ను కారు మెమొరీలో చేర్చడం. దీనికి డయాగ్నస్టిక్ మెషిన్, చాలా కంపెనీలకు ఆ కారు రహస్య నంబరు (పిన్ కోడ్) కావాలి. రెండోది, పాత చిప్‌కు నకలు తీయడం. పిన్ అక్కర్లేదు కాబట్టి కీ షాపుల్లో చవగ్గా అయిపోతుంది. చిక్కేమిటంటే కారు దృష్టిలో అసలూ నకలూ ఒకటే కీ. రేపు ఆ నకలు పోతే దాన్ని ఒక్కదాన్నే మెమొరీలోంచి తీసేయడం కుదరదు. తీస్తే అసలుదీ పోతుంది. అందుకే రోజూ వాడే కీ కోసమైతే మెమొరీలో చేర్చే పద్ధతే మంచిదని మా గట్టి అభిప్రాయం.

కారు కొన్నప్పుడు కీతో పాటు నంబరు చెక్కిన చిన్న రేకో ప్లాస్టిక్ బిళ్ళో ఇస్తారు. దాన్ని కీచైన్‌కే వేలాడదీసుకుని తిరిగేవాళ్ళు ఎక్కువ. తీసి ఇంట్లో బీరువాలో పెట్టండి. ఆ నంబరు ఉంటే పాత కీ లేకుండానే బ్లేడు కోయొచ్చు. దొంగకైనా అంతే.

రెండు కీలూ పోయాయి.

ఆర్‌సీ, గుర్తింపు కార్డు, పోలీసు స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు ప్రతి పట్టుకుని షోరూంకు వెళ్ళాలి. బండిని అక్కడికి టోయింగ్ చేయించాల్సి రావొచ్చు. కొత్త కీలు చేర్చేటప్పుడు పాతవన్నిటినీ మెమొరీలోంచి తొలగించమని నోరు తెరిచి అడగండి. అడగకపోతే కొన్నిచోట్ల వదిలేస్తారు. ఎవరికైనా దొరికిన పాత కీతో అప్పుడు కూడా బండి కదులుతుంది. పాత మోడళ్ళలో మెమొరీ చిప్ ఊడదీసి చదవాల్సి వస్తుంది, అది అలవాటున్న చేతులతోనే చేయించాలి. పాలసీలో కీ రీప్లేస్‌మెంట్ కవర్ ఉందేమో కూడా చూసుకోండి.

కీ లోపలే ఉండిపోయి డోర్లు పడిపోయాయి. లోపల పాప ఉంది.

పాప ఉంటే తాళం సంగతి పక్కన పెట్టండి. మన ఎండలకు అద్దాలు మూసిన కారు నిమిషాల్లో కొలిమి అవుతుంది. పాప నీరసపడినట్టున్నా, ఎండలో ఉన్నా, పాపకు దూరంగా ఉన్న వెనక డోర్ అద్దం పగలగొట్టండి. ముందు పెద్ద అద్దం జోలికి పోవద్దు. దానిలో మధ్యన ప్లాస్టిక్ పొర ఉంటుంది, పగిలినా ఊడి రాదు. పక్క అద్దాన్ని నడిమి భాగంలో కాకుండా కింది మూలలో గట్టి మొనదేలిన వస్తువుతో కొట్టాలి. చేతికి తువ్వాలు చుట్టుకోండి. 112కు ఫోన్ చేయమని పక్కవాళ్ళకు చెప్పండి.

ఎవరూ లేకపోతే తొందర అక్కర్లేదు. ఇంటి నుంచి రెండో కీ తెప్పించుకోండి. స్కేలు, తీగ దూర్చి లాగే పద్ధతి పాత కార్లకు సరిపోయేది. ఇప్పటి డోర్లలో వైర్లు, కొన్నిటిలో సైడ్ ఎయిర్‌బ్యాగ్ సెన్సార్ ఉంటాయి. వాటిని తెంపుకుంటే అద్దం ఖర్చే నయం అనిపిస్తుంది.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, రిమోట్‌తో అన్‌లాక్ చేసి ఏ డోరూ తీయకపోతే చాలా కార్లు అర నిమిషంలో తమంతట తామే మళ్ళీ లాకవుతాయి. డిక్కీలో సామాను సర్దుతూ కీ అక్కడే పెట్టి మూత వేసేస్తాం, అది మరో మామూలు దారి. డిక్కీ మూసే ముందు కీ జేబులోకి వెళ్ళాలి.

తాళం దూర్చితే బిర్రుగా ఉంది. కొబ్బరినూనె వేయొచ్చా?

వేయొద్దు. కోనసీమలో ప్రతి ఇంట్లో చేతికందేది అదే కాబట్టి ప్రతి తాళంలోనూ పడుతోంది. కొబ్బరినూనె 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. ధనుర్మాసపు తెల్లవారుజామున తాళం లోపలి చిన్న పిన్నులు ఆ గడ్డలో ఇరుక్కుంటాయి. ఎండాకాలం కరిగి దుమ్మును పట్టుకుని నల్లటి జిడ్డుగా మారుతుంది. ఇంజన్ ఆయిల్‌దీ అదే కథ. ముందు డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేతో కడిగి, తాళం పదిసార్లు దూర్చి తీస్తూ ప్రతిసారీ బ్లేడును గుడ్డతో తుడవండి. మురికి రావడం ఆగాక గ్రాఫైట్ పొడి కొద్దిగా ఊదండి. గ్రాఫైట్ దొరక్కపోతే 2బి పెన్సిల్‌తో తాళం గాళ్ళ మీద బాగా రుద్ది దూర్చండి. కడిగే స్ప్రే ఒక్కటే కొట్టి వదిలేస్తే నెలలోపు మళ్ళీ బిగుస్తుంది.

రిమోట్ వాడేవాళ్ళు ఇనుప తాళాన్ని మర్చిపోతారు. నెలకోసారైనా డ్రైవర్ డోర్‌ను దానితో తీయండి. లేకపోతే బ్యాటరీ చచ్చిన రోజున ఆ తాళం కదలదు.

తాళం తిరగట్లేదు, స్టీరింగ్ కూడా కదలట్లేదు.

ముందు చక్రం గట్టు రాయికో గట్టుకో ఒరుసుకుని ఉందేమో చూడండి. స్టీరింగ్‌ను ఎటు కాస్త కదులుతుందో అటు మెల్లగా నొక్కి పట్టి, అప్పుడే తాళం తిప్పండి. తాళం మీద బలం పెడితే అది లోపల విరుగుతుంది.

రాత్రిళ్ళు ఊరికే అలారం మోగుతోంది. వీధంతా లేస్తున్నారు.

మూడు కారణాలు ఎక్కువ. మొదటిది బానెట్ స్విచ్. బానెట్ మూసినప్పుడు నొక్కుకుని ఉండే చిన్న స్విచ్ అది. తుప్పు పట్టినా, రబ్బరు అరిగినా మంచు పడే వేళ బానెట్ తెరుచుకుందని కారును నమ్మిస్తుంది. రెండోది డోర్ గొళ్ళెంలోని స్విచ్. లోపలి దీపం ఆరకుండా ఉండటం, డోర్ తెరిచి ఉన్న గుర్తు వచ్చిపోతూ ఉండటం దాని లక్షణాలు. మూడోది బయట బిగించిన అలారంలోని షాక్ సెన్సార్. కొబ్బరిమట్ట పడినా, కుక్క బానెట్ ఎక్కినా మోగుతుంది. ఆ సెన్సార్ మీద చిన్న స్క్రూ ఉంటుంది, తిప్పి సున్నితం తగ్గించుకోవచ్చు. కొబ్బరిచెట్టు కింద కారు పెట్టడం మానేస్తే అలారానికీ బాడీకీ కూడా మంచిది.

కోతల తర్వాత ఎలుకలు, పందికొక్కులు పొలాల నుంచి ఇళ్ళ వైపు వస్తాయి. వైర్లు కొరికితే అలారం, లాక్ రెండూ పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తాయి. బానెట్ ఎత్తి పెంటికలు ఉన్నాయేమో చూడండి.

దుబాయ్ వెళ్ళి నాలుగు నెలలకు వస్తాం. వచ్చేసరికి కారు అసలు తెరుచుకోవట్లేదు.

లాక్ చేసిన కారు నిద్రపోతూ కూడా కరెంటు తాగుతుంది. అలారం, రిసీవర్, ఇమ్మొబిలైజర్ అన్నీ కలిపి 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే ఆరోగ్యమే. అయినా లెక్క చూడండి. 35 ఆంపియర్ అవర్ బ్యాటరీని 50 మిల్లీ ఆంపియర్లు తాగితే 700 గంటలు, అంటే 29 రోజుల్లో ఖాళీ. సగం ఖాళీ అయ్యేసరికే స్టార్టర్ తిరగడం కష్టమవుతుంది, అంటే రెండు వారాలు. బయట బిగించిన జీపీఎస్, అలారం ఉంటే ఇంకా ముందే.

వెళ్ళే రోజు ఇలా చేయండి. బానెట్ తీసి, 10 నంబరు స్పానర్‌తో బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పి, గుడ్డ చుట్టి పక్కకు పెట్టండి. బానెట్ మూయండి. మిగతా డోర్లు లోపలి నుంచి నొక్కి, డ్రైవర్ డోర్ ఇనుప తాళంతో వేయండి. డిక్కీలో ఏ కీనీ వదలొద్దు. ఎలక్ట్రిక్ డిక్కీ బ్యాటరీ లేకుండా తెరుచుకోదు. బ్యాటరీ తీస్తే అలారం ఉండదు కాబట్టి షెడ్డుకు తాళం వేయాలి. వచ్చాక బిగించినప్పుడు అలారం మోగితే కీతో ఆపండి. పవర్ విండో ఆటో పని చేయకపోతే అద్దం పూర్తిగా పైకెక్కించి స్విచ్‌ను కొన్ని సెకన్లు పట్టి ఉంచండి.

రెండు వారాలు కూడా కాకముందే బ్యాటరీ చస్తుంటే ఎక్కడో దొంగ కరెంటు పోతోంది. మైనస్ తీగకు వరసలో మీటర్‌ను 10 ఆంపియర్ల స్థానంలో పెట్టి, కారు లాక్ చేసి అరగంట ఆగి చూడాలి. ముందే చూస్తే కంప్యూటర్లు ఇంకా మేలుకునే ఉంటాయి, అంకె ఎక్కువగా కనిపిస్తుంది. అరగంట తర్వాత కూడా 50 దాటితే ఫ్యూజులు ఒక్కొక్కటీ తీస్తూ ఏది తీసినప్పుడు పడిపోతుందో పట్టుకోవాలి. ఎక్కువసార్లు అది బయట బిగించిన సామాను దగ్గరే తేలుతుంది.

జంపర్ వైర్లతో పక్క బండి నుంచి స్టార్ట్ చేయొచ్చా?

12 వోల్టుల బండి అయితేనే. ట్రాక్టర్ సరిపోతుంది. లారీ నుంచి వద్దు, అది 24 వోల్టులు. ఒక్క క్షణంలో ఇమ్మొబిలైజర్ కంప్యూటర్ కాలిపోతుంది. ఎర్రది చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు, నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు, చివరి కొస చచ్చిన కారు ఇంజన్ ఇనుముకు. తీసేటప్పుడు ఈ వరసకు తలకిందులుగా.

కీ రొయ్యల చెరువులో పడింది.

తీయగానే సెల్ ఊడదీయండి. నొక్కి చూద్దామని అనిపిస్తుంది, నొక్కొద్దు. ఉప్పునీటిలో కరెంటు నడిస్తే బోర్డు మీది రాగి గీతలు గంటల్లో తినేసుకుపోతాయి. బోర్డు బయటికి తీసి, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడగండి, ఆ తర్వాత మొబైల్ రిపేరు షాపులో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ చేయండి. నీడలో ఫ్యాను కింద ఒక రోజు ఆరనిచ్చి కొత్త సెల్ వేయండి. బియ్యంలో పెడితే పిండి దుమ్ము అంటుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. రిమోట్ పోయినా గాజులోనో గట్టి ప్లాస్టిక్‌లోనో మూసి ఉన్న చిప్ సాధారణంగా బతుకుతుంది, కాబట్టి బండి స్టార్ట్ అవుతుంది.

వరద నీళ్ళు కారులోకి వచ్చాయి. లాక్‌లు వాటంతట అవే పడుతున్నాయి, లేస్తున్నాయి.

లాక్‌లను నడిపే బాడీ కంట్రోల్ మాడ్యూల్ చాలా కార్లలో డాష్‌బోర్డు కింద, కాళ్ళ దగ్గర పక్క గోడలో ఉంటుంది. నేల మీద జానెడు నీరు నిలిస్తే తడిసేది అదే. ఇగ్నిషన్ ఆన్ చేయొద్దు, రిమోట్ నొక్కొద్దు. మైనస్ టెర్మినల్ విప్పండి. నీరు ఎంతవరకు వచ్చిందో తెలిసేలా లోపలా బయటా ఫోటోలు తీసి, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి, టోయింగ్ బండి మీద పంపండి. సీట్లు, కార్పెట్ తీసి, కనెక్టర్లు ఒక్కొక్కటీ విప్పి శుభ్రం చేశాకే కరెంటు ఇవ్వాలి. పైకి ఆరిందని ఎండలో రెండు రోజులు పెట్టి స్టార్ట్ చేసిన కార్లే నెల తర్వాత మాడ్యూల్ మార్చుకుంటాయి, ఎందుకంటే కార్పెట్ కింది స్పాంజి అప్పటికీ తడిగానే ఉంటుంది.

లంక గ్రామాలవాళ్ళు ధవళేశ్వరం నీటిమట్టాన్ని ఎలాగూ చూస్తూనే ఉంటారు. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. కారును ఏటిగట్టు మీదికో గట్టు అవతలికో చేర్చే పని మొదటి హెచ్చరికకే అయిపోవాలి. రెండోది వచ్చేసరికి కాజ్‌వేలు మునుగుతాయి, కారు కదిలే దారి ఉండదు.

కారు కాలువలో పడితే డోర్లు లాకైపోతాయంటారు. నిజమా?

పది, ఇరవై కిలోమీటర్ల వేగం దాటగానే చాలా కార్లు డోర్లను తామే లాక్ చేస్తాయి. అసలు అడ్డు లాక్ కాదు, నీటి ఒత్తిడి. అద్దం దాకా నీరు వచ్చాక డోర్‌ను తోయడం ఎవరి తరమూ కాదు. కాబట్టి డోర్‌తో పెనుగులాడకుండా అద్దం దించాలి. నీళ్ళలో పడ్డ మొదటి నిమిషంలో పవర్ విండోలు సాధారణంగా పనిచేస్తాయి, కారు కూడా కాసేపు తేలుతుంది. వరస ఇది: సీటు బెల్టు విప్పు, అద్దం దించు, ముందు పిల్లల్ని బయటికి పంపు, నువ్వు బయటపడు. ఫోన్ తర్వాత. అద్దం దిగకపోతే పక్క అద్దం మూలలో కొట్టాలి. బెల్టు కోసే బ్లేడుతో కలిపి వచ్చే చిన్న సుత్తి అమ్ముతారు. డిక్కీలోనో గ్లవ్ బాక్స్‌లోనో కాదు, బెల్టు పెట్టుకున్నా చేయి అందే చోట బిగించండి. పంట కాలువ పక్కనే రోడ్డున్న మన ఊళ్ళలో ఈ ఒక్క వస్తువు లేకుండా కారు తీయొద్దని చేతులెత్తి చెబుతున్నాం.

సంక్రాంతి బరుల దగ్గర, వాడపల్లి శనివారాల రద్దీలో రిమోట్ పనిచేయకుండా చేసి దోచుకుంటారట?

మీరు లాక్ నొక్కిన క్షణంలో దొంగ అదే తరంగం మీద జామర్ (సిగ్నల్‌ను అడ్డుకునే పరికరం) నడిపితే కారు లాక్ అవదు. మీరు వెనక్కి చూడకుండా వెళ్ళిపోతారు. విరుగుడు సులువు. ఇండికేటర్లు మెరిశాయా చూడండి, హ్యాండిల్ లాగి చూడండి, ఆ తర్వాతే కదలండి. పుష్ బటన్ కార్లకు ఇంకో ప్రమాదం ఉంది. ఇంట్లో గోడ పక్కన వేలాడుతున్న కీ సిగ్నల్‌ను రెండు పరికరాలతో సాగదీసి కారు దాకా చేర్చి, కీ పక్కనే ఉన్నట్టు కారును మోసం చేస్తారు. కీని మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టండి. డబ్బాతో కారు దగ్గరికి వెళ్ళి హ్యాండిల్ ముట్టుకోండి. తెరుచుకుంటే డబ్బా పనికిరానట్టే.

పొలంలో పార్కింగ్ చేసే చోట కోసిన వరి మొదళ్ళ మధ్య కీ పడితే దొరకదు. జేబుకు జిప్పు ఉండాలి.

బయట అలారం, గేర్ లాక్, జీపీఎస్ పెట్టించుకోవడం మంచిదేనా?

గేర్ లాక్‌కు మా ఓటు. ఒట్టి ఇనుము, వైరు కోయక్కర్లేదు. పుణెలోని వాహన పరీక్షల సంస్థ ఏఆర్ఏఐ ఆమోదించిన దొంగతనం నిరోధక పరికరమైతే ఓన్ డ్యామేజ్ (సొంత కారు నష్టానికి కట్టే) ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయల తగ్గింపు ఉంటుంది. సర్టిఫికెట్ తీసుకోండి. జీపీఎస్‌తో ఇంజన్ కట్ చేసే రిలే పెట్టిస్తే, నడుస్తున్న బండిని ఆపే వీలు లేకుండా, ఆగాక మాత్రమే మళ్ళీ స్టార్ట్ కాకుండా చేసేలా పెట్టించండి. హైవే మీద ఇంజన్ హఠాత్తుగా ఆగితే బ్రేకు, స్టీరింగ్ బరువెక్కుతాయి. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టే పనివాడి దగ్గర ఏదీ పెట్టించొద్దు. ఉప్పుగాలికి ఆ అతుకు ఏడాది నిలవదు. టంకం వేసి, హీట్ ష్రింక్ గొట్టం తొడగాలి.

కారు నిజంగానే పోయింది.

వెంటనే 112, ఆపైన స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్. 2024 జూలై 1 నుంచి దొంగతనం కేసు భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ కింద నమోదవుతుంది. వేరే ఊళ్ళో పోయినా దగ్గరి స్టేషన్‌లో జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు. అదే రోజు ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా, ఆర్టీవో కార్యాలయానికి లేఖగా చెప్పండి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే దొంగతనానికి పైసా రాదు. సమగ్ర పాలసీ ఉంటే ఐడీవీ (పాలసీలో రాసిన కారు విలువ) మేరకు వస్తుంది. కంపెనీ రెండు కీలూ అడుగుతుంది. ఒక్కటే ఉంటే రెండోది ఎక్కడని నిలదీస్తుంది, కీ ఇగ్నిషన్‌లోనే వదిలేశారని తేలితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. రెండో కీ ఎప్పుడో పోయి ఉంటే ఆ రోజే ఫిర్యాదు ఇచ్చి ప్రతి దాచుకోవాలని చెప్పేది ఇందుకే.

సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నాం. తాళాల్లో ఏం చూడాలి?

రెండు కీలూ చేతికి రావాలి, రెండిటితోనూ విడివిడిగా ఇంజన్ స్టార్ట్ చేసి చూడాలి. మెమొరీలో ఎన్ని కీలు నమోదయ్యాయో మెషిన్‌తో చూపించమనండి. చేతిలో రెండుండి మెమొరీలో మూడు కనిపిస్తే, కొన్న రోజే అన్నీ చెరిపి మీ రెండూ కొత్తగా చేర్పించండి. నాలుగు డోర్లూ, డిక్కీ ఇనుప తాళంతో, రిమోట్‌తో, లోపలి బటన్‌తో మూడు రకాలుగా తీసి చూడండి. ఒక డోర్ ఆలస్యంగా పడితే దాని మోటార్ అలసిపోయింది. కార్పెట్ మూల ఎత్తి వాసన చూడండి. బురద వాసన ఉంటే ఆ కారు వరద చూసింది.

సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు మీద వెళ్తుంటే ప్రతిసారీ అలారం మోగుతోంది.

పంటు ఇంజన్ అదురుకు షాక్ సెన్సార్ స్పందిస్తోంది. దిగి నిలబడేటప్పుడు రిమోట్‌తో లాక్ చేయకుండా డోర్‌ను ఇనుప తాళంతో వేయండి, చాలా బయటి అలారాలు అప్పుడు మేలుకోవు. లేదా అలారంతో పాటు ఇచ్చిన వ్యాలే స్విచ్‌ను (అలారాన్ని కాసేపు ఆపేది) రేవు దాటేదాకా వేసి ఉంచండి. హ్యాండ్ బ్రేకు వేసి, మొదటి గేరులో ఉంచడం మాత్రం మరవొద్దు.